ఏ వెర్షన్ నుంచి, ఏ వెర్షన్‌కి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ గురించే. "అప్‌గ్రేడ్ అవ్వట్లేదు, ఏం చేయమంటారు?" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు జవాబు ఇవ్వాలని నాకూ ఉంది, కానీ ఆ వాక్యం పట్టుకుని ఏం చెప్పినా అది ఊహే అవుతుంది. అందుకే వివరంగా రాసినవాళ్ల ప్రశ్నలు కొన్ని తీసుకున్నాను. మిగతావాళ్లకు కూడా వీటిలో తమ జవాబు దొరకవచ్చు.

ప్రశ్న: తెలిసినవాళ్లలో ఎవరికి కంప్యూటర్ సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. అందరం కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నాం, అందులో ప్రశ్నలు చూసుకునే బాధ్యత నాదే. విండోస్ 10 సపోర్ట్ గడువు ముగిసినప్పటి నుంచి రోజూ అవే ప్రశ్నలు. పాత జవాబు చూడమంటే కొందరు నొచ్చుకుంటున్నారు. మొన్న ఒకాయన "నాది ఉబుంటు కాదు, మింట్. నేను రాసింది చదవకుండానే పంపేశారా?" అని నిలదీశారు. ఏది పాత ప్రశ్న, ఏది కొత్త ప్రశ్న అని ఎలా తేల్చుకోవాలి? నిజంగా విసుగొస్తోంది సార్.

జవాబు: మీ విసుగు అర్థమవుతోంది. కానీ ముందు ఆ మింట్ ఆయన సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే న్యాయం ఆయన వైపే ఉంది. ఉబుంటు, మింట్ రెండూ విండోస్‌కి బదులుగా వాడే లైనక్స్ సిస్టమ్‌లు. మింట్‌ని ఉబుంటు మీదే కట్టారు, మింట్ 21కి ఉబుంటు 22.04, మింట్ 22కి ఉబుంటు 24.04 పునాది. అంతమాత్రాన అప్‌గ్రేడ్ పద్ధతి ఒకటే అయిపోదు. ఉబుంటులో వాడే డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ ఆదేశం మింట్‌లో పనికిరాదు, మింట్‌కి మింట్‌అప్‌గ్రేడ్ అనే సొంత సాధనం ఉంది, పైగా అది టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్ (వెనక్కి రావడానికి వీలుగా సిస్టమ్ నకలు) తీసుకుంటే గానీ ముందుకు కదలదు. ఇంకా లోపలికి వెళ్తే, మింట్ 21.3 నుంచి 22కి వెళ్లడానికి ఆ సాధనం కావాలి, అదే 22 నుంచి 22.1కి అయితే అప్‌డేట్ మేనేజర్‌లో ఎడిట్ మెనూ తెరిచి ఒక్క క్లిక్ చేస్తే చాలు. రెండూ "మింట్ అప్‌గ్రేడ్" ప్రశ్నలే, జవాబులు మాత్రం వేరు.

కాబట్టి ఒక ప్రశ్న పాతదో కాదో చూసేటప్పుడు అడిగినవాళ్లు వాడిన మాటలు పక్కన పెట్టి నాలుగు సంగతులు చూడండి. ఏ వెర్షన్ నుంచి బయల్దేరారు, ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు, ఏ పద్ధతిలో వెళ్తున్నారు (ఉన్నదాని మీదే చేస్తున్నారా, పెన్‌డ్రైవ్‌తో కొత్తగా వేస్తున్నారా), ఏ దశలో ఏ మెసేజ్‌తో ఆగారు. ఈ నాలుగూ కలిస్తే అది పాత ప్రశ్నే, ధైర్యంగా పాత జవాబు చూపించండి. ఒక్కటి తేడా ఉన్నా ఆగి మళ్లీ చదవండి. "డిస్క్‌లో చోటు చాలదు" అనే మెసేజే తీసుకోండి. విండోస్‌లో అది మామూలుగా సీ డ్రైవ్ నిండిపోయిందని చెబుతుంది. ఉబుంటులో హార్డ్‌డిస్క్ సగం ఖాళీగా ఉన్నా అదే గోల రావచ్చు, ఎందుకంటే సిస్టమ్ మొదలవడానికి కావాల్సినవి ఉండే చిన్న బూట్ పార్టిషన్ (డిస్క్‌లో విడి భాగం) పాత కెర్నల్‌లతో, అంటే సిస్టమ్ మూల ప్రోగ్రామ్ పాత వెర్షన్లతో, నిండిపోయి ఉంటుంది. అక్కర్లేనివాటిని తీసేసే ఏపీటీ ఆటోరిమూవ్ ఆదేశం నడిపితే చాలాసార్లు ఆ చోటు ఖాళీ అవుతుంది. అది తెలియక అడిగిన మనిషి తన ఫొటోలన్నీ తీసేసినా లాభం ఉండదు. ఇలాంటి చోట తొందరపడి కలిపేస్తే అవతలి మనిషికి నిజంగా నష్టం జరుగుతుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కలిపేయాల్సినవి కూడా ఉంటాయి, అక్కడ మొహమాటపడకండి. ఉబుంటు 23.10 వాడుతున్న మనిషి "అప్‌డేట్ కొడితే 404 వస్తోంది" అన్నాడనుకోండి, ఇంకొకరు అదే మాట 22.10లో అన్నారనుకోండి, ఇద్దరిదీ ఒకటే ప్రశ్న. గడువు తీరిన వెర్షన్ల ప్యాకేజీలను (ప్రోగ్రాముల ఫైళ్లను) మామూలు సర్వర్ల నుంచి తీసి ఓల్డ్-రిలీజెస్ అనే సర్వర్‌లో పెడతారు, అందుకే ఆ 404, అంటే అడిగిన ఫైలు అక్కడ లేదని. 23.10 గడువు 2024 జులైలోనే అయిపోయింది. అలాంటి సిస్టమ్‌లో సౌండ్ రావట్లేదనో, ప్రింటర్ కనపడట్లేదనో ఎవరైనా అడిగితే ఆ సౌండ్ వెనక పడి గంటలు పోగొట్టుకోవద్దు. సపోర్ట్ ఉన్న వెర్షన్‌కి ఎలా చేరాలో ముందు చెప్పండి, అక్కడికి వచ్చాక కూడా సౌండ్ రాకపోతే అప్పుడు చూద్దామని నచ్చజెప్పండి. ఆ లోపం కొత్త వెర్షన్‌లో ఈపాటికే సరిచేసి ఉండవచ్చు, పాతదానికి మాత్రం ఎవరూ సరిచేయరు.

ఇక ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది, పాత జవాబు కూడా పాడవుతుంది. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబర్ 5న. దాని షరతులకు సరిపోని పాత మెషిన్లలో రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోటు) మార్చి ఎక్కించే చిట్కాలు అప్పట్నుంచీ తిరుగుతున్నాయి. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి పరిస్థితి మారింది, పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే సూచనలు లేని మరీ పాత ప్రాసెసర్లలో అది అసలు బూటే కాదు, ఏ చిట్కా వేసినా సరే. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే 2021 జవాబు చూపిస్తే మీరు వాళ్లను ఊబిలోకి నడిపిస్తున్నట్టే. కాబట్టి కొత్తగా ఇంకో జవాబు రాసే ముందు ఉన్న జవాబును సరిదిద్దండి, పైన "ఇది ఫలానా వెర్షన్‌కి, ఫలానా నెలలో చూసి రాసింది" అని ఒక ముక్క పెట్టండి. ఒకే విషయం మీద అయిదు జవాబులు అయిదు చోట్ల ఉంటే వచ్చినవాళ్లకి ఏది నమ్మాలో తెలియదు.

వివరాలు అడిగేటప్పుడు "పూర్తి సమాచారం ఇవ్వండి" అనకండి, ఏం ఇవ్వాలో తెలిస్తే వాళ్లే ఇచ్చేవాళ్లు. విండోస్ అయితే రన్ బాక్స్‌లో విన్‌వర్ (winver) అని కొట్టి వచ్చిన చిన్న కిటికీ ఫొటో పంపమనండి. లైనక్స్ అయితే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీ_రిలీజ్ -ఎ (lsb_release -a) ఆదేశం ఇచ్చి వచ్చింది పంపమనండి. మ్యాక్ అయితే ఆపిల్ మెనూలో అబౌట్ దిస్ మ్యాక్. ఎర్రర్ మెసేజ్‌ని సొంత మాటల్లో చెప్పకుండా స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయమనండి. ఈ రెండూ వచ్చేసరికి సగం ప్రశ్నలకు జవాబు దానంతట అదే కనిపిస్తుంది.

పాత జవాబు చూపించినప్పుడు ఎందుకు చూపిస్తున్నారో ఒక వాక్యం కలపండి. "మీది కూడా 22.04 నుంచి 24.04కే, ఆగింది కూడా అదే మెసేజ్ దగ్గర, అక్కడ రెండో పద్ధతి చూడండి" అంటే ఎవరూ నొచ్చుకోరు. తను రాసింది ఎవరో చదివారని ఆ వాక్యంతో తెలుస్తుంది. అది లేకపోతే తలుపు మొహం మీద వేసినట్టుంటుంది.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. సపోర్ట్ అయిపోయిందన్నారు, కానీ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. విండోస్ 11కి ప్రయత్నిస్తే "ఈ పీసీ అర్హతలకు సరిపోదు" అంటోంది. కొత్తది కొనక తప్పదా?

జవాబు: అప్పుడే కొనేయకండి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, నిజమే. అలాగని ఆ రోజు నుంచి కంప్యూటర్ ఆగిపోదు, ఆ తర్వాత బయటపడే భద్రతా లోపాలకు మాత్రం మామూలుగా మందు రాదు. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ గుర్తింపు ఫైళ్లు 2028 దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ, అవి వైరస్‌లను గుర్తించడానికే, సిస్టమ్‌లో ఉన్న లోపాన్ని పూడ్చవు.

సరిపోదన్న మెసేజ్ వచ్చింది కదా, కారణం ఏం చెప్పిందో చూడండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ వేస్తే విడివిడిగా చూపిస్తుంది. టీపీఎం 2.0 (రహస్య కీలను కాపాడే భద్రతా చిప్) లేదని చెబితే చాలాసార్లు అది మెషిన్‌లో ఉండి కూడా ఆపేసి ఉంటుంది. బయోస్ (విండోస్ కన్నా ముందే మొదలయ్యే మెషిన్ సొంత ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఇంటెల్ మెషిన్లలో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది, దాన్ని ఆన్ చేస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెట్టింగ్) దగ్గర ఆగితే డిస్క్‌ని భాగాలు చేసింది పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండి ఉండవచ్చు. దాన్ని ఫైళ్లు పోకుండా మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్‌2జీపీటీ అనే సాధనం ఉంది. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడిపి సరే అందో లేదో చూసుకోండి, బ్యాకప్ తీసుకోండి, మార్చిన వెంటనే బయోస్‌లో బూట్ పద్ధతిని యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతికి మార్చండి. ఈ చివరిది మర్చిపోతే సిస్టమ్ బూట్ కాదు, అంతా పోయిందని మీరు కంగారు పడతారు, నిజానికి ఏదీ పోదు.

అడ్డు ప్రాసెసర్ దగ్గరైతే మాత్రం అది సెట్టింగ్స్‌తో తీరేది కాదు. దాదాపుగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచే జాబితాలో ఉన్నాయి. అప్పుడు మీకు రెండు దారులు. ఒకటి, పొడిగించిన భద్రతా అప్‌డేట్లు, ఈఎస్‌యూ అంటారు. ఇంట్లో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా అని ప్రకటించారు. సిస్టమ్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే చేరవచ్చు. రెండోది లైనక్స్. మీ పని అంతా బ్రౌజర్‌లోనే అయితే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే కొన్నాళ్లు వాడి చూడండి, వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ పలుకుతున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా చిన్న సర్వర్‌లో ఉబుంటు 20.04 ఉంది. నేరుగా 24.04కి తీసుకెళ్లాలి. మధ్యలో ఏవో ఫైళ్లు మార్చాలా, ఉంచాలా అని అడుగుతుందట, అక్కడ ఏం నొక్కాలో తెలియక భయంగా ఉంది.

జవాబు: నేరుగా కుదరదండీ. ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఉండే వెర్షన్) నుంచి తర్వాతి ఎల్‌టీఎస్‌కే వెళ్లాలి, కాబట్టి 20.04 నుంచి 22.04, అక్కడ అంతా సరిగ్గా ఉందని చూసుకుని 24.04. 20.04కి మామూలు సపోర్ట్ 2025 మేలో ముగిసింది. ఇప్పటికిప్పుడు కుదరదంటే ఉబుంటు ప్రోలో చేరండి, సొంతానికైతే అయిదు మెషిన్ల దాకా ఉచితం, ఈలోపు భద్రతా అప్‌డేట్లు ఆగవు.

మొదలుపెట్టే ముందు ఉన్న అప్‌డేట్లన్నీ వేయండి, అవి మిగిలి ఉంటే అప్‌గ్రేడ్ సాధనం ముందుకు వెళ్లనివ్వదు. బయటి నుంచి కలిపిన పీపీఏలు (బయటివాళ్ల ప్యాకేజీలు వచ్చే చోట్లు) ఉంటే రాసిపెట్టుకోండి, అప్‌గ్రేడ్ వాటిని ఆపేస్తుంది, తర్వాత కొత్త వెర్షన్‌కి ఉన్నాయో లేదో చూసి మీరే మళ్లీ కలపాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కూర్చుని చేస్తే ఆ సాధనం 1022 పోర్ట్‌లో ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ తలుపు తెరుస్తానంటుంది, మధ్యలో లైన్ తెగితే మళ్లీ లోపలికి రావడానికి. ఒప్పుకోండి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్ కూడా ముందే తెరిచి పెట్టండి, లేకపోతే ఆ తలుపు ఉన్నా లేనట్టే.

ఇక మీ భయం సంగతి. ఆ ప్రశ్న ఏ ఫైలుకి పడితే ఆ ఫైలుకి రాదు. ఒక కాన్ఫిగరేషన్ ఫైలు మీ సర్వర్‌లో మారి ఉండాలి, కొత్త ప్యాకేజీలో కూడా మారి ఉండాలి, అప్పుడే అడుగుతుంది. వై లేదా ఐ నొక్కితే కొత్త ఫైలు, ఎన్ లేదా ఓ నొక్కితే మీ పాత ఫైలు, డీ నొక్కితే రెండింటికీ తేడా ఏమిటో లైన్లవారీగా చూపిస్తుంది. ఏమీ ఎంచుకోకుండా ఎంటర్ కొడితే మీ ఫైలే ఉంటుంది. నా మాట వింటే ప్రతిసారీ ముందు డీ నొక్కండి. తేడాలో మీరు రాసిన లైన్లు కనిపిస్తే మీదే ఉంచండి, ముఖ్యంగా ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్స్ ఫైలు విషయంలో. అక్కడ కొత్తది వేసేస్తే మీరు పెట్టుకున్న పోర్ట్, లాగిన్ నియమాలు పోయి మీ సర్వర్‌లోకి మీరే వెళ్లలేకపోవచ్చు. ఏది ఎంచుకున్నా రెండోది చెరిగిపోదు. మీది ఉంచితే కొత్తది డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో, కొత్తది వేస్తే మీది డీపీకేజీ-ఓల్డ్ అనే తోకతో పక్కనే ఉంటుంది. తీరిగ్గా కూర్చుని కలుపుకోవచ్చు.

దీనికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది దాని మీద నడిచే ప్రోగ్రాముల గురించి. ఈ రెండు మెట్లలో పీహెచ్‌పీ 7.4 నుంచి 8.1కి, అక్కడి నుంచి 8.3కి పోతుంది, పైథాన్ 3.8 నుంచి 3.10, తర్వాత 3.12. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు మళ్లీ కట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే 12 నుంచి 14, ఆపైన 16 వస్తుంది, కానీ మీ డేటా దానంతట అది కొత్త వెర్షన్‌లోకి మారదు, మీరే మార్చాలి. సిస్టమ్ అప్‌గ్రేడ్ చక్కగా అయిపోయి, వెబ్‌సైట్ మాత్రం తెల్ల పేజీ చూపిస్తుంటే కారణం సాధారణంగా ఇక్కడే ఉంటుంది. వీలుంటే సర్వర్ నకలు ఒకటి తీసి దాని మీద ముందు చేసి చూడండి.

ప్రశ్న: విండోస్ 11కి మారుతుంటే 61 శాతం దగ్గర ఆగిపోయింది. పవర్ బటన్ నొక్కి ఆపేయొచ్చా? ఒకవేళ మారాక నచ్చకపోతే?

జవాబు: వెంటనే ఆపకండి. హార్డ్‌డిస్క్ లైటు అప్పుడప్పుడైనా మెరుస్తుంటే లోపల పని జరుగుతున్నట్టే, శాతం అంకె చాలాసేపు కదలకపోవచ్చు. గంటల తరబడి లైటూ, అంకె రెండూ కదలకపోతేనే ఆపండి. ఆపినా, ఫెయిలైనా చాలాసార్లు అది తనంతట తాను విండోస్ 10కి వెనక్కి వస్తుంది. వచ్చాక కనిపించిన ఎర్రర్ కోడ్ రాసుకోండి. 0ఎక్స్‌సీ1900101తో మొదలైతే మామూలుగా డ్రైవర్ గొడవ. యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసేసి, బయటి యాంటీవైరస్ తొలగించి, డ్రైవర్లు తాజా చేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే మైక్రోసాఫ్ట్ సెటప్‌డయాగ్ అనే సాధనం లాగ్‌లు చదివి ఎక్కడ తప్పిందో చెబుతుంది.

నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజులు గడువు ఉంటుంది, సెట్టింగ్స్‌లో రికవరీ పేజీలో గో బ్యాక్. పాత సిస్టమ్ అంతా విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి ఈలోపు చోటు కోసం డిస్క్ క్లీనప్ నడిపి దాన్ని తీసేయకండి. నిర్ణయానికి ఇంకొంత సమయం కావాలంటే ఆ 10 రోజుల్లోపే డిజమ్ ఆదేశంతో గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు.

ప్రశ్న: బయోస్‌లో టీపీఎం సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చేశాను. నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేను ఏ పాస్‌వర్డూ పెట్టలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

జవాబు: మీరు పెట్టకపోయినా అది ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్ మొత్తానికి వేసే తాళం) దానంతట అదే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్‌లోనో, ఇంకో కంప్యూటర్‌లోనో అదే అకౌంట్‌లోకి వెళ్లి డివైజెస్ కింద రికవరీ కీ చూడండి, 48 అంకెలు ఉంటాయి. స్క్రీన్ మీద కీ ఐడీ కూడా కనిపిస్తుంది, ఒకటికి మించి కీలుంటే దానితో సరిపోల్చుకోండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే అక్కడి ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. ముందు బయోస్‌లో మీరు మార్చినదాన్ని మళ్లీ పాతలా పెట్టి చూడండి, కొన్నిసార్లు అంతటితో అడగడం మానేస్తుంది. ఎవరైనా "ఫార్మాట్ చేసేద్దాం" అంటే ఒప్పుకోకండి, అన్ని అకౌంట్లూ వెతికే దాకా ఆగండి, ఇంట్లో ఇంకొకరి అకౌంట్‌తో మొదట సెటప్ చేసి ఉండవచ్చు. ఇంకా మార్చనివాళ్లు ముందుగా కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి అప్పుడు బయోస్ ముట్టుకోండి.

ప్రశ్న: స్నేహితుడి ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ వచ్చింది, నాకు రాలేదు. ఐఫోన్ వాడే మా చెల్లి మాత్రం కొత్తది వేసుకుని, పాతదే బాగుంది వెనక్కి వెళ్లొచ్చా అంటోంది.

జవాబు: ఆండ్రాయిడ్ వెర్షన్ మీ ఫోన్‌కి ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఫోన్ తయారుచేసిన కంపెనీ నిర్ణయం, మోడల్‌ని బట్టి మారుతుంది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కి ఏడేళ్ల అప్‌డేట్లు మాటిచ్చింది, అలా అందరూ ఇవ్వరు. మీరు చూడాల్సింది సెట్టింగ్స్‌లో ఉండే సెక్యూరిటీ ప్యాచ్ తేదీ. వెర్షన్ పాతదైనా ఆ తేదీ ఈ మధ్యదే అయితే కంగారు అక్కర్లేదు. ఏడాది దాటి ఏమీ రాకపోతే మాత్రం డబ్బు లావాదేవీలు ఆ ఫోన్ నుంచి తీసేయండి.

మీ చెల్లెలికి వెనక్కి వెళ్లే దారి దాదాపు లేనట్టే. కొత్తది వచ్చిన కొన్నాళ్లకు పాత ఐఓఎస్ వెర్షన్‌కి ఆపిల్ సంతకం, అంటే వేసుకోవడానికి ఇచ్చే అనుమతి, ఆపేస్తుంది, ఆ తర్వాత దాన్ని ఫోన్ ఒప్పుకోదు. ఒకవేళ ఫోన్ నెమ్మదించిందనే ఆమె అడుగుతుంటే కొద్దిరోజులు ఆగమనండి, అప్‌గ్రేడ్ అయిన కొత్తలో ఫోన్ ఫొటోలకు, ఫైళ్లకు అన్నింటికీ మళ్లీ సూచిక తయారు చేసుకుంటుంటుంది, బ్యాటరీ కూడా అందుకే త్వరగా దిగుతుంది. రాత్రిపూట చార్జింగ్‌లో, వైఫైలో ఉంచమనండి. వారం దాటినా అలాగే ఉంటే మోడల్ పేరు, ఐఓఎస్ వెర్షన్ నంబర్, సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ ఎంత చూపిస్తోందో రాసి పంపండి, వచ్చే సంచికలో చూద్దాం.